అధ్యక్షుడి కుర్చీ, కమిషనర్ సంతకం: పిట్టి త్యాగరాయ చెట్టి, కొన్రాడ్ అడెనావర్ నగర పాలనపై ఒక తులనాత్మక పరిశీలన

1920 సెప్టెంబరు 16న మద్రాసు కార్పొరేషన్ సభ ముందుకు ఒక చిన్న ఖర్చు పద్దు వచ్చింది. థౌజండ్ లైట్స్ ప్రాంతంలోని కార్పొరేషన్ బడిలో చదివే పిల్లలకు మధ్యాహ్నం పూట తిండి పెట్టాలని, తలకు రోజుకు ఒక అణా మించకూడదని ప్రతిపాదన. అక్కడి పిల్లలు పేదిళ్ళవాళ్ళని, ఆ పేదరికం వల్లే బడిలో హాజరు పలచబడుతోందని సభాధ్యక్షుడు వివరించారు. సభ ఒప్పుకుంది. ఆ అధ్యక్షుడు పిట్టి త్యాగరాయ చెట్టి. అప్పటికి ఆయనకు అరవై ఎనిమిదేళ్ళు. తెలుగు దేవాంగుల కుటుంబంలో పుట్టి, ఎన్నిక ద్వారా ఆ నగరానికి అధ్యక్షుడైన తొలి అనధికార వ్యక్తి ఆయన. ఇవాళ మనం మేయర్ అంటున్న పదవికి మద్రాసులో ఆ పేరు 1933లో గానీ రాలేదు.

సరిగ్గా ఆ ఏళ్ళలోనే జర్మనీలో రైన్ నది ఒడ్డున కొలోన్ నగరాన్ని మరొకాయన పాలిస్తున్నారు. కొన్రాడ్ అడెనావర్, 1917లో నలభై ఒక్కేళ్ళకే మేయరైన వకీలు. తర్వాతి కాలంలో పశ్చిమ జర్మనీకి తొలి చాన్సలర్‌గా లోకానికి తెలిశారు గానీ, ఆయన రాజకీయ జీవితంలో పదహారేళ్ళు ఆ మేయర్ కుర్చీలోనే గడిచాయి. ఈ ఇద్దరినీ పక్కపక్కన పెట్టి చూడటానికి కారణం వ్యక్తుల పోలికలు కాదు. కుర్చీ ఒకటే, కాని ఒకరికి దాంతోపాటు సంతకం దక్కింది, మరొకరికి దక్కలేదు. ఇద్దరి జయాపజయాల్లో చాలా భాగం ఆ ఒక్క తేడాలోంచి వచ్చినవే అన్నది ఈ వ్యాసం చేసే వాదన.

త్యాగరాయ చెట్టి 1852లో పుట్టారు. ప్రెసిడెన్సీ కాలేజీలో పట్టా పుచ్చుకుని, కులవృత్తికి దగ్గరగా ఉన్న వ్యాపారంలోకే దిగారు. చాకలిపేటలో సుమారు వంద మగ్గాలతో నేత కర్మాగారం నడిపారు. అక్కడ నేసిన చేతిరుమాళ్ళు ఇంటిపేరుతోనే ‘పిట్టి రుమాళ్ళు’గా బజారులో చెల్లాయి. చేత్తో నాడె విసిరే గుంటమగ్గాల స్థానంలో తాడు లాగితే నాడె దానంతటదే పరుగెత్తే ఫ్లై షటిల్ మగ్గాన్ని సమర్థించిన తొలితరం వ్యాపారుల్లో ఆయనొకరు. 1909లో ఏర్పడిన దక్షిణ భారత వర్తక మండలి స్థాపకుల్లో ఒకరై, 1910 నుంచి 1921 వరకు దానికి అధ్యక్షత వహించారు. అంటే నగర పాలనలోకి ఆయన వచ్చింది ఉపన్యాస వేదిక మీంచి కాదు, జమాఖర్చుల పుస్తకం పక్కనుంచి. 1882లో కార్పొరేషన్‌లో అడుగుపెట్టిన మనిషి నలభై ఏళ్ళు అక్కడే ఉన్నారు. డ్రైనేజీ, మంచినీళ్ళు, పన్నుల మదింపు వంటి విసుగుపుట్టించే విషయాల మీద అన్నేళ్ళు కూర్చునే ఓపిక రాజకీయ నాయకుల్లో అరుదు.

ఆయన్ని రాజకీయాల్లోకి నెట్టిన సంఘటనగా ఒక కథ చెప్పుకుంటారు. మైలాపూరు కపాలీశ్వరాలయ కుంభాభిషేకానికి పదివేల రూపాయలు విరాళమిచ్చిన ఆయనకు వేదిక మీద చోటు దొరకలేదనీ, ఆయన దగ్గర కొలువు చేసే బ్రాహ్మణ గుమాస్తాలు మాత్రం పైన కూర్చున్నారనీ. ఆయన తర్వాత నడిపిన బ్రాహ్మణేతరుల జస్టిస్ పార్టీ వాళ్ళు తరచూ తలచుకున్న కథ కాబట్టి దానికి కొంత రంగు పూసి ఉండవచ్చు. దేవుడంటే గట్టి నమ్మకమున్న మనిషి బ్రాహ్మణేతర ఉద్యమానికి పెద్దదిక్కు ఎలా అయ్యాడన్న ప్రశ్నకు మాత్రం ఆ కథ దారి చూపిస్తుంది.

1916 నవంబరు 20న మద్రాసు వేపేరిలో సుమారు ముప్పయ్ మంది పెద్దలు సమావేశమై దక్షిణ భారత ప్రజా సంఘానికి పునాది వేశారు. కార్పొరేషన్ సభలో ఎడమొహం పెడమొహంగా మెలిగిన త్యాగరాయ చెట్టినీ, డాక్టర్ టి.ఎం. నాయర్‌నూ ఒక చోటికి తెచ్చింది నటేశ మొదలియార్. ఆ సంఘం జాయింటు స్టాకు కంపెనీగా నడిపిన పత్రికలు మూడు: ఇంగ్లీషులో ‘జస్టిస్’, తమిళంలో ‘ద్రావిడన్’, తెలుగులో ‘ఆంధ్ర ప్రకాశిక’. ఇంగ్లీషు పత్రిక పేరే జనం నోట పార్టీ పేరైంది. 1920 ఎన్నికల్లో ఆ పార్టీ గెలిచింది. గవర్నరు విల్లింగ్డన్ మంత్రివర్గం ఏర్పాటు చేయమని అడిగినప్పుడు త్యాగరాయ చెట్టి కాదన్నారు. ముందు సుబ్బరాయలు రెడ్డియార్, 1921 నుంచి పానగల్లు రాజా ఆ బాధ్యత మోశారు. రాష్ట్రానికి తొలి మంత్రి కాగల అవకాశాన్ని వదులుకున్న మనిషి నగర సభ కుర్చీని మాత్రం వదల్లేదు. దీన్ని త్యాగమని పొగిడిన వాళ్ళే ఎక్కువ. నా మటుకు నాకు అది తన పని ఏదో తెలిసిన మనిషి చేసిన ఎంపికగా కనిపిస్తుంది.

అయితే ఆ కుర్చీ విలువెంత? అసలు చిక్కు ఇక్కడే ఉంది. 1919 దాకా మద్రాసు కార్పొరేషన్ అధ్యక్షుడంటే ప్రభుత్వం పంపిన ఐసీఎస్ అధికారి. జె.సి. మలోనీ వంటివాళ్ళు సభకు అధ్యక్షత వహిస్తూనే కార్యనిర్వహణ కూడా చూసేవారు. 1919 మద్రాసు నగర మునిసిపల్ చట్టం ఈ రెండింటినీ విడదీసింది. సభ తన అధ్యక్షుణ్ణి తానే ఎన్నుకుంటుంది. కార్యనిర్వాహక అధికారం మాత్రం ప్రభుత్వం నియమించే కమిషనర్‌ది. బొంబాయిలో 1888 చట్టం అప్పటికే ఇలాంటి ఏర్పాటు చేసి ఉంది. నలభై ఏళ్ళు ఎదురుచూసిన ప్రజాప్రతినిధి చేతికి కుర్చీ వచ్చే వేళకు, దాని అధికారం పక్కగదిలోకి మారిపోయిందన్న మాట. సభ తీర్మానిస్తుంది, కమిషనర్ అమలు చేస్తాడు. అమలు కాకపోతే అధ్యక్షుడు మళ్ళీ సభలోనే ప్రశ్న వేయాలి.

కొలోన్‌లో లెక్క వేరు. అక్కడి మేయర్‌ను కూడా నగర సభే ఎన్నుకునేది. ఆ సభ్యుల ఎన్నిక కూడా మద్రాసులాగే పన్ను చెల్లింపు మీద ఆధారపడ్డదే. 1918 దాకా ప్రష్యాలో ఓటర్లను కట్టే పన్నును బట్టి మూడు తరగతులుగా విడదీసేవారు. కాని ఒకసారి ఎన్నికైతే మేయర్ పన్నెండేళ్ళు జీతం తీసుకునే పాలనాధిపతి. సభకూ ఆయనే అధ్యక్షుడు, కార్యాలయానికీ ఆయనే యజమాని. అందుకే ఆ ఎన్నికను కొలోన్ పెద్దలు ఎంత జాగ్రత్తగా చూశారో చెప్పే ఒక ఘట్టం ఉంది. 1917 మార్చిలో అడెనావర్ ఎక్కిన కారు ట్రాము బండిని గుద్దుకుని ఆయన మొహం చితికింది. బ్లాక్ ఫారెస్టు కొండల్లో కోలుకుంటుండగా ఇద్దరు సభ్యులు పరామర్శకు వచ్చారు. పరామర్శ పైకి, లోపలి పని వేరే: దెబ్బకు మతి ఏమైనా చలించిందా అని మాటల్లో పెట్టి కనుక్కోవడం. సంగతి గ్రహించిన అడెనావర్ తన మొహం మాత్రమే దెబ్బతిందని చమత్కరించారని చెబుతారు. ఆ సెప్టెంబరులోనే ఆయన మేయరయ్యారు.

ఆ తర్వాత జరిగిన పనుల వేగం చూస్తే మద్రాసు వాళ్ళు ఈర్ష్య పడాలి. 1919లో కొలోన్ విశ్వవిద్యాలయం మళ్ళీ తెరుచుకుంది. వెర్సాయ్ ఒప్పందం ప్రకారం కూల్చవలసిన కోటల వలయాన్ని, ఫ్రిట్జ్ షూమాకర్ అనే నగర ప్రణాళికా నిపుణుడి సాయంతో నగరం చుట్టూ పచ్చని ఉద్యానవలయంగా మార్చారు. 1924లో వాణిజ్య ప్రదర్శనశాల, 1929లో ముల్‌హైమ్ వంతెన. 1930లో ఫోర్డు కార్ల ఫ్యాక్టరీ శంకుస్థాపనకు హెన్రీ ఫోర్డే వచ్చాడు. 1932 ఆగస్టులో కొలోన్, బాన్ నగరాల మధ్య కార్ల కోసమే వేసిన రోడ్డు ప్రారంభమైంది. అప్పులు కూడా అదే వేగంతో పెరిగాయి. 1929లో రెండోసారి ఎన్నిక అతి స్వల్ప ఆధిక్యంతో గట్టెక్కడానికి అదొక కారణం. సంతకం చేతిలో ఉన్నవాడి కీర్తీ అప్పూ రెండూ అతని ఖాతాలోకే వెళ్తాయి.

తిండి విషయంలో ఇద్దరూ కలుస్తారు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఉపమేయర్‌గా ఆహార సరఫరా చూసిన అడెనావర్, గోధుమలు దొరకని రోజుల్లో మొక్కజొన్న, బార్లీ, బియ్యపు పిండితో రొట్టె చేసే పద్ధతికి 1915లో పేటెంటు తీసుకున్నారు. బేకరీలకు ఆజ్ఞలు వెళ్ళాయి, ‘కొలోన్ రొట్టె’ బజారుకు వచ్చింది. రుచి అంతంతమాత్రమే, కాని ఊరు తిన్నది.

మద్రాసులో ఏం జరిగింది? థౌజండ్ లైట్స్ బడి నుంచి పథకం మరో నాలుగు బడులకు పాకింది. 1922-23లో ఆ ఐదు బడుల్లో 811 మంది ఉన్న పిల్లలు 1924-25 నాటికి 1,671 అయ్యారు. ఇంతకన్నా స్పష్టమైన ఫలితం ఏ పాలకుడికి కావాలి? అయినా 1925 ఏప్రిల్ 1న పథకం ఆగిపోయింది. ప్రాథమిక విద్యా నిధిలోంచి తిండికి ఖర్చు పెట్టడానికి వీల్లేదని ప్రభుత్వం అడ్డు చెప్పింది. సభకు ఇష్టమే, పిల్లలు వస్తున్నారు, డబ్బూ ఉంది. పద్దు మాత్రం ఒప్పుకోలేదు. త్యాగరాయ చెట్టి అదే సంవత్సరం కన్నుమూశారు. రెండేళ్ళ తర్వాత, 1927లో, పథకం మళ్ళీ మొదలైంది.

ఆయన్ని ఆకాశానికెత్తి ఊరుకుంటే పరిశోధన అనిపించుకోదు. 1921లో బిన్నీ మిల్లుల సమ్మె పులియంతోపు అల్లర్లకు దారితీసినప్పుడు, పనికి వెళ్ళిన ఆది ద్రావిడ కార్మికుల మీదా, వారికి అండగా నిలిచిన ప్రభుత్వ కార్మిక శాఖ మీదా జస్టిస్ పార్టీ విరుచుకుపడింది. ఆది ద్రావిడుల నాయకుడు ఎం.సి. రాజా 1923లో పార్టీకి దూరమయ్యారు. అణా భోజనంలో కనిపించిన చూపు పులియంతోపు వాడలకు చేరలేదు. గుడి వేదిక మీద తనకు జరిగిన అవమానాన్ని గుర్తుపెట్టుకున్న పార్టీ పెద్దకు, తమకన్నా కింద ఉన్నవారి కోపం అర్థం కాకపోవడం ఆ ఉద్యమపు పెద్ద లోటు.

ఈ చరిత్రను ఇప్పటి కర్ణాటకలోని పావగడ తాలూకా నాగలమడిక నుంచి చదవడంలో ఒక సౌలభ్యం ఉంది. ఉత్తర పినాకిని ఒడ్డున అంత్య సుబ్రహ్మణ్య క్షేత్రంగా పేరున్న ఈ ఊరు నాడు మైసూరు సంస్థానంలోది. పొలిమేర దాటితే మద్రాసు రాష్ట్రపు అనంతపురం జిల్లా. భాష తెలుగే అయినా అటువాళ్ళు మద్రాసు వైపు, ఇటువాళ్ళు మైసూరు వైపు చూసేవారు. రాజకీయాలు మాత్రం పొలిమేర దగ్గర ఆగలేదు. మద్రాసు సంఘం పుట్టిన మరుసటి ఏడే, 1917లో, మైసూరులో ప్రజామిత్ర మండలి వెలిసింది. 1918లో ఉద్యోగాల్లో వెనుకబడిన వర్గాల వాటా పరిశీలించడానికి లెస్లీ మిల్లర్ సంఘం ఏర్పడింది. మండలికి ఊపిరిపోసిన వాళ్ళలో చిత్తూరు సీమ తెలుగువాడు కట్టమంచి రామలింగారెడ్డి ఉన్నారు. మైసూరు విద్యాశాఖ వదిలి మద్రాసు చేరాక ఆయనే జస్టిస్ పార్టీలో అసమ్మతి నాయకుడై, 1923 నవంబరులో పానగల్లు ప్రభుత్వం మీద వచ్చిన అవిశ్వాస తీర్మానానికి ముందు నిలిచారు.

మరో సంగతి, కుర్చీనీ సంతకాన్నీ వేరుచేసే ఆ పాత ఏర్పాటు ఇవాళ నగరాలకే పరిమితం కాదు. కర్ణాటకలో ఏ గ్రామ పంచాయతీకి వెళ్ళినా అధ్యక్షుడు ఒకరు, పంచాయతీ అభివృద్ధి అధికారి మరొకరు. బిల్లు చెల్లాలంటే పీడీఓ సంతకం పడాల్సిందే. ప్రెసిడెంటు ఒప్పుకున్నా పీడీఓ ఒప్పుకోలేదన్న మాట ఈ సీమలో రోజూ వినపడేదే.

జర్మనీ కథలో ఆఖరి మలుపు మనకు మరీ దగ్గరిది. 1933 ఫిబ్రవరిలో ఎన్నికల ప్రచారానికి వచ్చిన హిట్లర్‌ను కలవడానికి అడెనావర్ వెళ్ళలేదు, రైన్ నది వంతెన మీద నాజీలు కట్టిన జెండాలు తీయించారు. మార్చిలో పదవి పోయింది. 1945లో అమెరికన్లు మళ్ళీ మేయర్‌ను చేస్తే, వాళ్ళ తర్వాత నగరాన్ని చేపట్టిన బ్రిటిష్ సైనికాధికారులు అక్టోబరులో ఆయన్ని తీసేశారు. మనుషుల్ని మార్చి ఊరుకోలేదు, పద్ధతినే మార్చారు. 1946 ఏప్రిల్‌లో తమ ఆక్రమిత ప్రాంతానికి తెచ్చిన మునిసిపల్ నిబంధనావళితో మేయర్‌ను సభకు అధ్యక్షత వహించే గౌరవ పదవిగా మిగిల్చి, పాలనంతా నగర డైరెక్టర్ అనే ఉద్యోగికి అప్పగించారు. మద్రాసులో 1919లో చేసిన పనికి ఇది దగ్గరి చుట్టమే. మద్రాసులో భారతీయుల చేతికి అధికారం పూర్తిగా వెళ్ళకూడదన్నది భయం, కొలోన్‌లో ఒక్కడి చేతిలో అధికారం పోగుపడకూడదన్నది భయం. రెండు చోట్లా విరుగుడు ఒకటే.

కొలోన్ ఉన్న రాష్ట్రం 1994 చట్టంతో ఆ ఏర్పాటును రద్దు చేసింది. 1999 నుంచి అక్కడ మేయర్‌ను జనమే నేరుగా ఎన్నుకుంటున్నారు, పాలనా ఆయనదే. ఆ పద్ధతిలోనే 2015లో పొరుగున ఉన్న బాన్ నగరానికి అశోక్ శ్రీధరన్ మేయరయ్యారు. తండ్రి కేరళ నుంచి వెళ్ళిన దౌత్యవేత్త. 2020లో కాట్యా డోర్నర్ చేతిలో ఓడి దిగిపోయారు. ఓటరు పెట్టాడు, ఓటరే తీశాడు.

మద్రాసులో 1920ల్లో మాంబళం చెరువును పూడ్చి కట్టిన పేటకు త్యాగరాయ నగర్ అని పేరు పెట్టారు. దాని నడుమ పానగల్లు పార్కు, వీధులకు నాయర్, ఉస్మాన్ పేర్లు. జస్టిస్ పార్టీ సభ్యుల హాజరుపట్టీ మొత్తం ఆ పేట పటంలో దొరుకుతుంది. తెలుగు సినిమావాళ్ళు తర్వాత అక్కడే ఇళ్ళు కట్టుకున్నారు. తెలుగువాళ్ళు ‘మద్రాసు మనదే’ అన్న రోజుల్లో, నగరం తమిళనాడుకే ఉండాలన్న పట్టుదల బిగిసింది ఆ కార్పొరేషన్ సభలోనే. త్యాగరాయ చెట్టి విగ్రహం అప్పటికీ ఇప్పటికీ కార్పొరేషన్ కొలువుండే రిప్పన్ భవనం ముందే ఉంది. 1973లో రద్దయిన సభ 1996 దాకా తిరిగి ఏర్పడలేదు. ఆ ఏడు జనం ఓటుతో ఎం.కె. స్టాలిన్ మేయరయ్యారు, అయినా కమిషనర్ గది కమిషనర్‌దే. 2022లో మళ్ళీ సభ్యుల ఓటుతోనే ప్రియా రాజన్ ఎన్నికయ్యారు. నాగలమడిక జనం పనికి వలసపోయే బెంగళూరులోనైతే 2020 సెప్టెంబరులో పాలకమండలి గడువు తీరాక ఏళ్ళ తరబడి ఎన్నికే జరగలేదు. నగరాన్ని అధికారులే నడిపారు.