గోడ మీద రాత

సవర భాషలో గీయడానికీ రాయడానికీ మాట ఒకటే. ఇంటి లోపలి గోడ మీద వేసే బొమ్మను వాళ్లు ఇడితాల్ అంటారు. గోడ మీద రాసినది అని దాని అర్థం. సీతంపేట వైపు ఎడిసింగ్ అనే పేరు ఎక్కువగా వినబడుతుంది. లిపి లేని భాష అని పండితులు ఒక్కమాటలో తేల్చేసిన భాషలో రాత అనే మాట ఎప్పటి నుంచో ఉంది. ఆ మాట గోడ మీద నుంచి కాగితం మీదికి, కాగితం మీద నుంచి మనందరి చేతుల్లోని ఫోన్‌లోకి ఎలా వచ్చిందో చెప్పాలని చాలాకాలంగా అనుకుంటున్నాను.

పాలకొండ దాటి కొండల్లోకి వెళ్తే సీతంపేట వస్తుంది. 2022 ఏప్రిల్ 4 దాకా శ్రీకాకుళం జిల్లా, ఆ రోజు నుంచి పార్వతీపురం మన్యం జిల్లా. సంత రోజున అనాసపళ్లు, జీడిపిక్కలు, చింతపండు, పసుపు, కొండచీపుర్లు మోసుకుని గూడల నుంచి జనం దిగుతారు. వాళ్లలో సవరలు ఎక్కువ. వాళ్ల భాష మన తెలుగుకు చుట్టం కాదు. ముండా కుటుంబానిది. సంతాలీ, ముండారీ కూడా ఆ కుటుంబానివే. దూరపు బంధుత్వం కలిపితే కంబోడియాలోని ఖ్మేర్ దాకా పోతుంది. మన పక్క కొండ మీద మాట్లాడే భాషకు చుట్టాలు సముద్రం అవతల ఉన్నారన్న సంగతి మనలో ఎంతమందికి తెలుసు?

ముందు గోడ సంగతి. ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగుండదు, లేదా పోడులో పంట తేలిపోతుంది, లేదా పోయిన పెద్దవాళ్లు కలలోకి వస్తారు. ఎజ్జోణ్ణి పిలుస్తారు. ఆయన పోయినవాళ్లతో మాట్లాడి, వాళ్లకు ఏం కావాలో కనుక్కుని చెబుతాడు. ఫలానా తాతకు ఉండడానికి ఇల్లు కావాలట అంటాడు. ఆ ఇల్లే బొమ్మ. గోడను ఎర్రమట్టితో అలుకుతారు. అది ఆరేలోగా బియ్యం నానబెట్టి, నూరి, నీళ్లలో కలుపుతారు. వెదురు పుల్ల కొసను నలగ్గొట్టి పీచు తీస్తే కుంచె సిద్ధం. గీసేవాడు మొట్టమొదట చుట్టూ అంచు గీస్తాడు. నాలుగు వైపులా గీతలు, ఆ గీతల్లో చిన్న చిన్న గళ్లు, వంకీలు. అంచు పూర్తయితే పోయిన తాతకు నాలుగు గోడలు లేచినట్టే. ఆ తర్వాతే లోపలికి సూర్యుడు, చంద్రుడు, చెట్లు, ఏనుగులు, గుర్రాల మీద మనుషులు, నెమళ్లు, చేతులు పట్టుకుని ఆడేవాళ్లు వస్తారు.

అంతటితో బొమ్మ అయిపోదు. దాని ముందు బియ్యం, కల్లు పెట్టి, పోయినవాళ్లను పిలిచి చూపిస్తారు. రాత్రి కలలో వాళ్లు వచ్చి నచ్చిందనో, ఇంకో గుర్రం కావాలనో చెబుతారు. గుర్రం కావాలంటే తెల్లారి గుర్రం గీస్తారు. ఇది నన్ను పట్టి ఆపిన విషయం. ఇక్కడ చిత్రకారుడు తనకు తోచింది గీయడం లేదు. ఒకరు కల కన్నారు, ఒకరు దాన్ని విని చెప్పారు, ఇంకొకరు విన్నది గీశారు. పోయినవాళ్లు ఒప్పుకునేదాకా దిద్దుతూ పోయారు.

మానవశాస్త్రవేత్త వెరియర్ ఎల్విన్ ఈ బొమ్మలను గంజాం, కోరాపుట్ కొండల్లో ఇల్లిల్లూ తిరిగి చూశాడు. 1951లో మధ్య భారత గిరిజన కళల మీద, 1955లో సవరల మతం మీద అచ్చయిన ఆయన పుస్తకాల్లో వాటి నకళ్లు, వాటి వెనక కథలు ఉన్నాయి. ఆ బొమ్మల్లో ఏనుగుల పక్కనే సైకిళ్లు, రైళ్లు, విమానాలు కనిపిస్తాయి. కొండ మీద నుంచి విమానాన్ని చూసినవాళ్లు తమ పెద్దలు కూడా అందులో తిరగాలని కోరుకున్నారు. ఆదివాసీ కళ అనగానే వెయ్యేళ్లుగా మారకుండా ఉండిపోయినదని చెప్పేవాళ్లకు ఆ సైకిలు బొమ్మ ఒక్కటి చూపిస్తే చాలు.

ఇక కాగితం సంగతి. దీనికి సీతంపేట కొండల అవతలి పర్లాకిమిడికి పోవాలి. శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో 1863 ఆగస్టు 29న పుట్టిన గిడుగు వెంకట రామమూర్తి 1880లో పర్లాకిమిడి రాజావారి స్కూల్లో ఉపాధ్యాయుడిగా చేరారు. మనం ఆయన్ను వ్యావహారిక భాష కోసం పోరాడిన పెద్దమనిషిగా తలుచుకుంటాం. పుట్టినరోజును తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటాం. నాకు మాత్రం ఆయన ముందుగా సవర భాషకు చెవి ఒగ్గిన మనిషి.

పర్లాకిమిడి వీధుల్లోకి సవరలు వస్తూ పోతూ ఉండేవాళ్లు. వాళ్ల మాట ఎవరికీ పట్టేది కాదు. వ్యాకరణం లేదు, నిఘంటువు లేదు, నేర్చుకోవాలంటే మనిషి నోటి నుంచి వినడం తప్ప దారి లేదు. రామమూర్తిగారు తెలుగూ సవరా రెండూ వచ్చిన ఒక సవర మనిషిని తన ఇంట్లోనే ఉంచుకున్నారు. దుబాసీ అన్నా గురువు అన్నా ఆయనే. ఒక మాట అడగడం, విన్నది రాసుకోవడం, రాసుకున్నది తిరిగి పలికి చూడడం, అవతలి మనిషి కాదంటే కొట్టివేసి మళ్లీ రాయడం. ఏళ్ల తరబడి జరిగిన పని ఇది.

ఆ పని ఎంత కష్టమో ఒక చిన్న మాటతో చెబుతాను. సవరలో పులిని 'కిన' అంటారు. అదే పులి క్రియలో కలిసిపోతే 'కిడ్' అవుతుంది. మనం పులిని పట్టాడు అని రెండు మాటలుగా అనేదాన్ని వాళ్లు ఒకే మాటలో చుట్టేస్తారు. పట్టడమూ పులీ కాలమూ అన్నీ ఆ మాటలోనే ఉంటాయి. ఎవరిని, దేనితో, ఎక్కడ పొడిచారన్నది కూడా ఒక్క మాటలోకి వచ్చే సందర్భాలున్నాయి. పైగా గొంతులో ఠక్కున ఆగిపోయే ఒక ధ్వని ఉంది, దానికి మన అచ్చుల్లో, హల్లుల్లో చోటే లేదు. వినేవాడు 'కిన' అని రాసుకుని, మర్నాడు అదే పులిని 'కిడ్' అని వింటే ఏమనుకోవాలి? తాను తప్పు విన్నానా, అవతలి మనిషి వేరే మాట అన్నాడా? ఈ చిక్కును విప్పి, ఇదంతా ఒక పద్ధతి ప్రకారమే నడుస్తోందని చూపించిన చెవి ఎంత ఓపికగలదో ఊహించండి.

ఆయన తెలుగు లిపిలో సవరలకు వాచకాలు రాశారు, కథలూ పాటలూ పోగుచేశారు, సొంత డబ్బుతో బడులు పెట్టారు. 1911 ప్రాంతంలో మద్రాసు ప్రభుత్వం ఆ పుస్తకాలు అచ్చువేసి పారితోషికం ఇవ్వబోయింది. ఆయన పుచ్చుకోలేదు. ఆ డబ్బు పెట్టి సవర పిల్లలకు వాళ్ల భాషలోనే చదువు చెప్పే బడి నడపమన్నారు. బడిలో పిల్లవాడు మొదటి రోజు వినే మాట వాడి ఇంటి మాటే కావాలని మన దగ్గర ఇంత స్పష్టంగా, ఇంత తొందరగా అన్నవారు అరుదు. 1906 నుంచి తెలుగు విషయంలో ఆయన చేసిన వాదనకు మూలం కూడా ఇక్కడే ఉందని నా నమ్మకం. సవరలో గ్రాంథికం లేదు. నోట పలికేదే భాష. ఆ భాషను విని విని అలవాటైన మనిషికి, జనం ఎన్నడూ పలకని తెలుగును పిల్లల నోట్లో కుక్కడం ఎలా సబబుగా తోస్తుంది?

కొండల్లో తిరిగిన తిరుగుడు ఊరికే పోలేదు. మన్యం జ్వరం పట్టుకుంది. క్వినైను మింగి మింగి చివరికి చెవులు పోయాయి. వినడమే ఆయుధంగా పని చేసినవాడు వినికిడి పోగొట్టుకున్నాడు. పని మాత్రం ఆపలేదు. 1931లో సవర భాషా వ్యాకరణం ఇంగ్లీషులో వచ్చింది. దాని అట్ట మీద ఆ జాతి పేరును తెలుగువాళ్లు పిలిచినట్టు సవర అని మాత్రమే కాకుండా, వాళ్లు తమను తాము పిలుచుకున్నట్టు సోరా అని, రెండు అచ్చులకూ దీర్ఘం గుర్తులు పెట్టి మరీ ముందు వేయించారు. 1938లో సవర ఇంగ్లీషు నిఘంటువు వచ్చింది. అప్పటికి ఆయనకు డెబ్బై అయిదేళ్లు. కొడుకు సీతాపతి అదే దారి పట్టి సవరల పాటల మీద, వాళ్ల దేశం మీద రాశారు.

ఆ నిఘంటువు వచ్చే నాటికి రామమూర్తిగారు పర్లాకిమిడిలో లేరు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అందులో కలిసింది. దానికి నిరసనగా ఆయన జీవితమంతా గడిపిన ఊరు వదిలి రాజమహేంద్రవరం చేరారు. 1940 జనవరి 22న కన్నుమూశారు.

సరిగ్గా ఆ 1936లోనే, ఏప్రిల్ దాటి రెండు నెలలైనా గడిచీ గడవక, సరిహద్దుకు అవతలి కొండల్లో ఇంకో రాత పుట్టింది. మంగై గొమాంగో అనే సవర మనిషి, ఒడియా, తెలుగు, ఇంగ్లీషు చదవడం వచ్చినవాడు, తన జాతికి సొంత అక్షరాలు కావాలని తపించాడు. అందుకోసం కొండ మీద ధ్యానంలో కూర్చున్నాడనీ, జూన్ 18న ఇరవై నాలుగు అక్షరాలు ఆయనకు దర్శనమిచ్చాయనీ ఆయన అనుయాయులు చెబుతారు. దాని పేరు సొరసొంపెంగ్. ఒక్కో అక్షరం ఒక్కో దేవత పేరులో మొదటి ధ్వని. గోడ బొమ్మ ఎలా కలలోంచి వచ్చిందో ఈ లిపీ అలాగే దర్శనంలోంచి వచ్చింది. నాకు ఇందులో ఆశ్చర్యం లేదు. తన తాత కల చెబితే గోడ మీద గీసుకున్న జాతిలో పుట్టినవాడికి అక్షరాలు కూడా ఆ దారినే రావాలి కదా.

ఆ ఇరవై నాలుగు అక్షరాలకు 2012లో యూనికోడ్‌లో చోటు దక్కింది. ఇవాళ ఆ అక్షరాలను ఫోన్‌లో రాయవచ్చు. మన రాష్ట్రంలో మాత్రం సవర పిల్లల పుస్తకాలు గిడుగువారి బాటలో తెలుగు లిపిలోనే వస్తున్నాయి. 2004లో ఎనిమిది గిరిజన భాషల్లో మొదలైన బహుభాషా విద్యలో సవర ఒకటి. చర్చికి వెళ్లే సవరల్లో చాలామంది రోమన్ లిపిలో ప్రార్థనలు, క్రిస్మస్ పాటలు రాసుకుంటారు. ఒక్క భాష, ఇన్ని రాతలు. దీన్ని కొందరు లోపంగా చూస్తారు. ఎవరి పిల్లలు ఏ అక్షరాల్లో చదువుతున్నారో ఆ అక్షరాల్లో సవర బతకడమే నాకు ముఖ్యం.

గోడకు మాత్రం కష్టకాలం వచ్చింది. 1970ల నుంచి సవరల మధ్య బతికిన మానవశాస్త్రవేత్త పియర్స్ విటెబ్‌స్కీ వాళ్ల మీద రాసిన మొదటి పుస్తకానికి పోయినవాళ్లతో సంభాషణలు అని పేరు పెట్టాడు. అది 1993. 2017లో వచ్చిన పుస్తకం పేరు పోయినవాళ్లు లేకుండా బతకడం అన్న అర్థంలో ఉంటుంది. ఆ రెండు పేర్ల మధ్య ఒక తరం గడిచింది. పిల్లలు చర్చికి వెళ్లారు, ఎజ్జోడి పని తగ్గింది, మట్టి గోడల చోట సిమెంటు గోడలు లేచాయి. తాతకు ఇల్లు కావాలని అడిగేవాళ్లు తగ్గారు. బొమ్మ మాత్రం గుడ్డ మీదికి, కాగితం మీదికి, ఆఫీసు గోడల మీదికి దారి చూసుకుంది. సీతంపేట మండలంలోని అడ్డాకులగూడ పేరు పత్రికలకు ఎక్కింది ఈ బొమ్మల వల్లే. అమ్మడానికి గీసినది అసలైనది కాదనేవాళ్లతో నేను ఏకీభవించను. ఆ గీత గీసే చెయ్యి అదే, ఆ ఎరుపూ తెలుపూ అవే. ఇల్లు గడవడానికి గీసినా గీయగా గీయగానే ఆ చేతిలో గీత నిలుస్తుంది.

ఇప్పుడు ఆ బొమ్మలు మనకు చేరేది ఎక్కువగా ఫోన్‌లోనే. సీతంపేట వైపు విహారానికి వెళ్లినవాళ్లు ఫొటో తీస్తారు, గూడలోని కుర్రవాళ్లే తీసి పెడతారు. తీయడం మంచిదే. ఆ తర్వాత ఫోన్‌లో జరిగే సవరింపుల్లోనే నాకు మనసు చివుక్కుమనే పని ఒకటి జరుగుతోంది. బొమ్మ చతురస్రంగా ఉంటుంది, డీపీ గుండ్రంగా ఉంటుంది. వేలితో జరిపి మధ్యలో ఆడేవాళ్లను మాత్రం ఉంచి చుట్టూ కోసేస్తారు. ముందు పోయేది అంచు. ఎర్రమట్టి మరీ ముదురుగా ఉందని ఫిల్టర్ వేస్తే అది గోధుమ రంగుకు తిరుగుతుంది. బియ్యప్పిండి తెలుపు పసుపెక్కుతుంది. పోయినవాళ్ల కోసం మొట్టమొదట కట్టిన నాలుగు గోడలు పడిపోయి, ఆడేవాళ్లు ఎక్కడో గాలిలో ఆడుతున్నట్టు మిగులుతారు.

మీ ఫోన్‌లో సవర బొమ్మ ఫొటో ఉంటే ఒక్కసారి తెరిచి చూడండి. తీసేముందు ఆ ఇంటివాళ్లను అడిగారో లేదో గుర్తు చేసుకోండి. అంచు కోసేసి ఉంటే వెనక్కి తీసుకురండి, ఆ రంగును అలాగే వదిలేయండి. గీసినవాళ్లు ఒప్పుకుంటే వాళ్ల పేరూ, గూడ పేరూ కింద రాయండి. సవర రాయడం వచ్చినవాళ్లు పక్కన ఉంటే ఆ రెండు మాటలూ సవరలోనే రాయించండి.