గురి తప్పని తాత

సూదిలో దారం ఎక్కించాలంటే మా అవ్వ నన్నే పిలిచేది. "నీకు మీ తాత కన్నొచ్చిందే" అనేది. ఆ కన్నుతోనే కాలేజీలో ఎన్.సి.సి. రైఫిలు పట్టాను. సెలవులకి ఆదోని వస్తే తాత పాఠం మళ్లీ మొదలు. ఊపిరి సగం వదిలి బిగబట్టాలట. "ట్రిగ్గరు గుంజొద్దమ్మాయ్, కాయలోంచి పత్తి తీసినట్టు నిదానంగా నొక్కు" అనేవాడు. ఆదోని మనిషికి పత్తి తప్ప ఇంకో పోలిక తోస్తుందా!

తాత వయసులో ఉన్నప్పుడు ఆదోని బళ్లారి జిల్లాలోది. కర్నూలు జిల్లాలోకి వచ్చింది 1953లో. చుట్టూ నల్లరేగడి మైదానం, దాని మీద కృష్ణజింకల మందలు. చాటు లేని నేల కదా, దగ్గరికి పోతే జింక నిలుస్తుందా? దూరంనుంచే కొట్టాలి. అందుకే వేటకి ముందు నెలల తరబడి గుట్ట వెనక సాధన. మసి పూసిన కుండపెంకు, నడుమ సున్నంబొట్టు. రైఫిలు గొట్టం లోపల మెలిచుట్లుంటాయి. గుండు బొంగరంలా తిరుగుతూ తిన్నగా పోతుంది.

పూర్వం ఈ వేటకి చీతాలుండేవి. అక్బరు పాదుషా వాటిని మందలుగా పెంచాడు. ఆ చీతాలు మన దేశంలో లేకుండా పోయాయని 1952లో ప్రకటించారు. జింకకి మిగిలిన శత్రువు తుపాకీ.

ఒకనాడు తాత వేటనుంచి వచ్చి, "వేలెడంత కూడా గురి తప్పలేదు" అన్నాడట. అవ్వ చేటలో బియ్యం ఏరుతూ తలెత్తకుండా, "దశరథ మహారాజుకి మాత్రం తప్పిందా ఏంది?" అందట. అంతే! ఆ తర్వాత తాత కుండపెంకులనే కొట్టాడు. 1972లో వన్యప్రాణుల చట్టం వచ్చి కృష్ణజింక వేట నేరమైంది. మా ఇంట్లో ఆ చట్టం అంతకుముందే అమలైంది.

అయితే కథ అక్కడితో తీరలేదు. ఆలూరు వైపు మా తమ్ముడి శనగచేను మొలకెత్తితే చాలు, మంద దిగుతుంది. రాత్రంతా డబ్బా వాయిస్తూ కూర్చుంటాడు. "జింకలు మన రాష్ట్ర జంతువులే అక్కా, మరి చేను ఎవరిది?" అంటాడు. నా దగ్గర జవాబు లేదు.

మొన్న తెల్లవారుజామున ఆ చేనిగట్టున నిలబడ్డాను. ఓ మగజింక తలెత్తి నన్నే చూసింది. ఊపిరి దానంతటదే సగంలో ఆగింది. చూపుడువేలు వంగింది.

అవ్వ మాట గుర్తొచ్చి, చప్పట్లు కొట్టాను.