మందడము గోళకీమఠ విద్యాలయము

కృష్ణానది దక్షిణపు గట్టున, గుంటూరు జిల్లాలో మల్కాపురమను గ్రామము కలదు. అచట శిథిల శివాలయము నెదుట, శిరమున నందిని మోయుచు నొక శిలాస్తంభము నిలిచియున్నది. శాలివాహన శకము 1183, అనగా క్రీ.శ. 1261వ సంవత్సరపు శాసనము దానిపై చెక్కబడినది. ఆంధ్ర సాహిత్య పరిషత్తునకు మూలపురుషులైన జయంతి రామయ్య పంతులుగారు దానిని పరిష్కరించి ప్రకటించిరి. ఆ పరిషత్తు మన కాకినాడలో స్థిరపడినదని చదువరు లెరుగుదురు.

గౌడదేశమునుండి వచ్చిన విశ్వేశ్వర శివాచార్యులు కాకతి గణపతిదేవ చక్రవర్తికి దీక్షాగురువు. చక్రవర్తి ఆయనకు మందడము గ్రామమును నోటిమాటగా నొసగెను. కుమార్తె రుద్రమదేవి తండ్రి మాటను శాసనబద్ధ మొనర్చి, వెలగపూడిని గూడ చేర్చి ధారపోసెను. శివాచార్యులు ఆ రాబడిని సొంతమునకు వాడుకొనక ఆలయము, మఠము, అన్నసత్రము, ప్రసూతిశాల, ఆరోగ్యశాల, విద్యాలయము నెలకొల్పిరి.

ఆ విద్యాలయమున ఋగ్యజుస్సామ వేదములకు మువ్వురు, వ్యాకరణ తర్క సాహిత్య ఆగమాదులకు ఐదుగురు అధ్యాపకులు. వారి సరసనే వైద్యు డొకడు, లెక్కలు వ్రాయు కాయస్థు డొకడు. గ్రామపు లెక్కలు వ్రాయు నావంటివానికి ఈ పంక్తి చదివినప్పుడు కలుగు సంతోషము వేరుగ చెప్పనక్కరలేదు. లెక్క తప్పిన చోట చదువు నిలువదని ఆ పెద్ద లెరిగిరి.

బ్రాహ్మణుడు మొదలు చండాలుని వరకు ఎవ్వరు వచ్చినను సత్రమున అన్నము పెట్టవలయునని శాసనవిధి. వేదపాఠము మాత్రము నాటి యాచారము చొప్పున కొందరికే.

1323లో ఓరుగల్లు ఢిల్లీ సేనలకు లోబడినది. ప్రతాపరుద్రుడు బందీయయ్యెను. దానములకు కాపుగా నుండిన రాజదండము విరిగినది. నేడచట పాఠము చెప్పు గురువు లేడు, వల్లించు శిష్యుడు లేడు. ఆ వెలగపూడిలోనే 2016లో రాష్ట్ర సచివాలయము వెలసినది. విద్యాలయమునకు మాత్రము స్తంభ మొక్కటే సాక్షి. నోటిమాటగా నుండిపోయినచో ఆ మాత్రమును తెలియకపోయెడిది.

ఉప్పాడ వాస్తవ్యులకు కడలి కోత క్రొత్త గాదు. ఒక్క గట్టును నమ్మిన ఇల్లు ఆ గట్టుతోనే పోవును. ఒక్క రాజవంశమును నమ్మిన విద్యాలయము గతియు నట్టిదే. మన గ్రంథాలయము చందాదారుల చిన్న మొత్తములపై ఇరువదియైదేండ్లు నడచినది. ఆనాడు అన్నమునకు గలిగిన సమత్వము ఇచట అక్షరమునకు కలిగినది. ఎవరు వచ్చినను పుస్తక మీయబడును. కావున చందా బాకీ నిలుపకుడు, లెక్కల పుస్తకమును జాగ్రత్తపరచుడు, పిల్లలను వెంటబెట్టుకొని రండు.