పళ్ళెం నుంచి జలఫిరంగి దాకా

కాలిఫోర్నియా హైవే 49కి ఆ అంకె ఊరికే రాలేదు. 1849లో బంగారం కోసం ఎగబడి వచ్చిన జనానికి గుర్తుగా పెట్టిందది. సియెర్రా నెవాడా కొండల పాదాల వెంట సుమారు 300 మైళ్ళు సాగే ఈ దారిలో ఆర్వీ బండి వేసుకుని బయల్దేరితే, కొలోమా నుంచి నెవాడా సిటీ పై కొండల దాకా చూడడానికి ఒక పగలు సరిపోతుంది. బంగారపు వేట ఒంటరి మనిషి చేతిలోంచి కంపెనీల చేతిలోకి ఎలా పోయిందో ఆ కాస్త దూరంలోనే తెలిసిపోతుంది.

1848 జనవరి 24న కొలోమాలో, జాన్ సట్టర్ కోసం రంపపు మిల్లు కడుతున్న జేమ్స్ మార్షల్‌కు మిల్లు కాలువలో పసుపు పలుకులు కనిపించాయి. మరో తొమ్మిది రోజులకు మెక్సికో ఒప్పందం మీద సంతకం చేసి ఈ నేలను అమెరికాకు వదులుకుంది. డిసెంబరులో అధ్యక్షుడు పోక్ ఆ వార్త నిజమేనని ప్రకటించాక జనాన్ని ఆపడం ఎవరి తరమూ కాలేదు. కొద్ది ఏళ్ళలో సుమారు 3 లక్షల మంది వచ్చిపడ్డారు. మొదట్లో పారా పళ్ళెమూ, చన్నీళ్ళలో గంటల తరబడి నిలబడే ఓపికా ఉంటే చాలు. ఇసుక జాలగడిగితే బరువైన బంగారం అడుగున మిగిలేది. కనిపెట్టిన మార్షల్ మాత్రం 1885లో పేదవాడిగానే పోయాడు. ఐదేళ్ళకు అక్కడి కొండ మీద అతనికి విగ్రహం నిలబెట్టారు.

కొలోమా లోయ నిసెనాన్ ప్రజలది. 1848లో లక్షన్నర దాకా ఉన్న కాలిఫోర్నియా ఆదివాసుల సంఖ్య 1870 నాటికి 30 వేలకు పడిపోయింది. రోగాలూ ఆకలీ కొంత కారణం. ఖర్చు భరించి ఆదివాసుల మీదికి దండులను తోలింది స్వయంగా రాష్ట్ర ప్రభుత్వమే. బంగారం కథ చెప్పేటప్పుడు దీన్ని పక్కకు తోసేయడం అన్యాయమని నా గట్టి నమ్మకం. 1850లో విదేశీ గనికార్ల మీద నెలకు 20 డాలర్ల పన్ను వేశారు. రెండేళ్ళకు వేసిన మరో పన్ను భారం ఎక్కువగా చైనీయుల మీద పడింది.

గ్రాస్ వ్యాలీలోని ఎంపైర్ గని 1850 నుంచి 1956 దాకా నడిచింది. భూమి లోపల 367 మైళ్ళ సొరంగాలు. వాటిని తవ్వడంలో ఇంగ్లండులోని కార్న్‌వాల్ గనికార్లది పెద్ద చెయ్యి. మన చిత్తూరు వైపు నుంచి కూలీలు వెళ్ళిన కోలార్ గనుల్లోనూ ఆ కార్న్‌వాల్ వాళ్ళే పనిచేశారు.

నెవాడా సిటీ పై కొండల్లోని మాలకాఫ్ డిగ్గిన్స్‌కు వెళ్ళే దారి ఇరుకు, పైగా వంకర్లు. పెద్ద బండిని కిందే వదిలి కారులో వెళ్ళడం మేలు. ఎలా ఉన్నా తప్పక వెళ్ళాల్సిన చోటది. 1853లో నెవాడా సిటీ దగ్గర ఎడ్వర్డ్ మాటిసన్ గొట్టంతో నీళ్ళు చిమ్మి గట్టును కరిగించే పద్ధతి మొదలుపెట్టాడు. తర్వాత కంపెనీలు ఇనుప జలఫిరంగులు తెచ్చి కొండలనే కూల్చేశాయి. ఇక్కడ మిగిలిన గొయ్యి పొడవు మైలుకు పైనే. కొట్టుకుపోయిన మట్టి యూబా నదిని పూడ్చింది, 1875లో మేరీస్‌విల్ పట్టణాన్ని వరద ముంచింది. రైతులూ పట్టణవాసులూ కోర్టుకెక్కారు. 1884 జనవరిలో న్యాయమూర్తి లోరెంజో సాయర్ ఆ మట్టిని నదుల్లోకి వదలరాదని తీర్పిచ్చాడు. దాంతో పెద్ద కంపెనీల జలఫిరంగులు మూగబోయాయి.

బంగారాన్ని పట్టడానికి కాలువల్లో పోసిన పాదరసం మాత్రం ఒండ్రులో ఉండిపోయింది. యూబా, బేర్ నదుల మీది జలాశయాల్లో పట్టిన కొన్ని చేపలను మితంగా తినమని, గర్భిణులూ పిల్లలూ మరీ జాగ్రత్తగా ఉండాలని ప్రభుత్వం నేటికీ హెచ్చరిస్తోంది.