మూడో తరగతి దాకా: గుంటూరు లూథరన్ పల్లె బడిలో మనవాళ్ళ చదువు

ఆంధ్రదేశంలో చదువుల చరిత్ర రాసినవాళ్ళు చాలామంది కాలేజీల దగ్గర మొదలుపెడతారు. గుంటూరు లూథరన్ మిషన్ సంగతి వచ్చిందా, 1885లో మొదలైన కాలేజీ గురించీ, అందులో చదివి పైకొచ్చిన పెద్దల గురించీ రాస్తారు. మాలపల్లెలో, మాదిగగూడెంలో తాటాకు కప్పు కింద నడిచిన బడి వాళ్ళ లెక్కలోకి రాదు. వచ్చినా మతమార్పిడి అన్న శీర్షిక కిందే వస్తుంది. మనవాళ్ళలో ఎక్కువమందికి చదువు మొదలైంది ఆ పల్లె బడిలోనే, ఆగిపోయిందీ అక్కడే. రెండులోనో, మూడులోనో ఆగింది. అందుకే ఈ వ్యాసంలో మేం ఒక చిన్న ప్రశ్న వేసుకుంటున్నాం. లూథరన్ బడిలో మూడో తరగతి దాకా వచ్చిన మన పిల్లలకు ఏం దక్కింది? ఏం దక్కలేదు?

ముందు బడి పుట్టుక చూద్దాం. జర్మనీలో పుట్టి అమెరికాలో పాస్టరుగా పనిచేసిన ఫాదర్ హయ్యర్ 1842 జులై 31న గుంటూరు చేరాడు. అప్పటి కలెక్టరు స్టోక్స్ ఆయనకు అండగా నిలిచాడు. పట్నంలో పెట్టిన ఇంగ్లీషు బడికి ఎక్కువగా వచ్చింది బ్రాహ్మణులు, తదితర అగ్రవర్ణాల పిల్లలు. సంఘంలో చేరింది మాత్రం పల్లెల్లోని మాలలు, మాదిగలు. ఒంగోలు వైపు బాప్టిస్టుల్లో మాదిగలు ఎక్కువైతే, గుంటూరు లూథరన్లలో మాలలు ఎక్కువ. దీంతో మిషన్ చదువు మొదట్నించీ రెండు దారులైంది. పట్నంలో కాలేజీకి పోయే దారి ఒకటి, పల్లెలో మూడో తరగతి దగ్గర ఆగే దారి ఇంకొకటి. క్రీస్తులో అందరూ ఒకటే అన్నవాళ్ళ బడుల్లోనే ఇలా జరిగిందన్న సంగతి మరుగున పెట్టకూడదు. 1927లో ఆంధ్ర ఎవాంజెలికల్ లూథరన్ సంఘం ఏర్పడేనాటికి ఈ రెండు దారులూ బాగా గట్టిపడి ఉన్నాయి.

మూడో తరగతినే ఎందుకు పట్టుకున్నామంటే దానికీ కారణముంది. 1929లో వచ్చిన హార్టాగ్ కమిటీ నివేదిక బ్రిటిషిండియా మొత్తానికి ఒక లెక్క చెప్పింది. 1922-23లో ఒకటో తరగతిలో ఉన్న ప్రతి 100 మంది పిల్లల్లో 1925-26 నాటికి నాలుగో తరగతిలో మిగిలింది 18 మందే. అన్ని కులాలూ, అన్ని మతాలూ కలిపితే తేలిన లెక్క ఇది. కూలికి పోతేనే పొయ్యి వెలిగే వెలివాడల సంగతి వేరే చెప్పాలా? ఏడెనిమిదేళ్ళు రాగానే మగపిల్లవాణ్ణి ఆసామి ఇంట గొడ్ల కాపలాకు పెట్టేవాళ్ళు, ఆడపిల్ల చంకలోకి తమ్ముడో చెల్లెలో వచ్చేది. నాట్లప్పుడు, కోతలప్పుడు బడి ఖాళీ అయ్యేది. మూడో తరగతి దాకా రావడమే ఒక గెలుపు.

బడి అంటే చాలా ఊళ్ళలో ఒక్క పంతులే. ఆదివారం ఆ పంతులే ప్రసంగం చెప్పేవాడు, ఆ కప్పే గుడి అయ్యేది. ఇసుకలో వేలుపెట్టి అక్షరాలు దిద్దడం, తర్వాత పలకా బలపం. పంతొమ్మిదో శతాబ్దం రెండో సగంలో మద్రాసు ప్రభుత్వం పిల్లల పరీక్షా ఫలితాలను బట్టి గ్రాంటు ఇచ్చేది. ఇన్‌స్పెక్టరు వచ్చి చదవడం, రాయడం, లెక్కలు అడిగేవాడు. ఎంతమంది నెగ్గితే బడికి అంత డబ్బు. దొరగారు వచ్చినప్పుడు మాత్రం అడిగేది బైబిలు కథలు, కీర్తనలు, లూథరు చిన్న ప్రశ్నోత్తరి. రెండు పరీక్షలకూ కూచోవాల్సింది ఆ పిల్లలే.

మొదటి పరీక్ష కోసం నేర్చుకున్నదాన్ని తక్కువగా చూడొద్దు. ఎక్కాలు, కూడికలు, తీసివేతలు, కొలతలు, రూపాయికి 16 అణాల లెక్క. పుట్టికి 20 తూములు, తూముకు 4 కుంచాలు, కుంచానికి 4 మానికలు. ఆసామి పిల్లవాడికి ఇవి బడి లెక్కలే. పాలేరు కొడుక్కి మాత్రం ఇవి కల్లం దగ్గర నాన్న జీతం లెక్కలు. ఏడాదంతా చేసిన చాకిరీకి ఎన్ని కుంచాలు రావాలి, కొలిచింది ఎన్ని? నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 అని తెలిసినవాడు, నోటు మీద వేలిముద్ర వేసేముందు అందులో ఏం రాసుందో కూడబలుక్కుని చదవగలిగినవాడు ఆ ఇంట్లో ఉండటం చిన్న విషయం కాదు. అప్పు తీరిపోలేదు, పాలేరుతనం పోలేదు, అది నిజం. కానీ లెక్క అడిగే నోరు ఒకటి పుట్టింది.

రెండో పరీక్ష సంగతి ఇంకా చిక్కైంది. లూథరు 1528లో సాక్సనీ ఊళ్ళు తిరిగి, అక్కడి రైతులకే కాదు, పాస్టర్లకూ మతం సంగతులు సరిగా తెలియవని చూసి, 1529లో ఈ చిన్న ప్రశ్నోత్తరి రాశాడు. పది ఆజ్ఞలు, విశ్వాస ప్రమాణం, పరలోక ప్రార్థన, సంస్కారాలు, వీటిల్లో ఒక్కో ముక్కా చెప్పి దాని అర్థమేమిటని అడగడం, జవాబు కూడా తానే ఇవ్వడం దాని పద్ధతి. ఇంటి యజమాని తన పిల్లలకూ, పనివాళ్ళకూ నేర్పాలని రాసిన పుస్తకం అది. జర్మన్ గృహస్థు కోసం రాసిన ఆ పుస్తకం మన పల్లెలో ఎవరి చేతికొచ్చింది? ఇంకొకరి ఇంట్లో పనివాళ్ళుగా బతుకుతున్న వాళ్ళ పిల్లల చేతికి!

విశ్వాస ప్రమాణం అర్థంలో దేవుడు నన్ను చేశాడు, నాకు కళ్ళూ చెవులూ అవయవాలూ బుద్ధీ ఇచ్చాడు అన్న భావం ఉంది. నీడ తగిలితే మైల అనిపించుకున్న పిల్లవాడు రోజూ గట్టిగా ఈ మాట అప్పజెప్పాడు. 'నన్ను', 'నాకు' అన్న మాటలు అంత ధైర్యంగా అనే చోటు ఊళ్ళో వాడికి ఇంకెక్కడుంది? పరలోక ప్రార్థనలో దినాహారం అడిగేచోట లూథరు ఆహారమంటే తిండి ఒక్కటే కాదని జాబితా రాశాడు. బట్టలు, చెప్పులు, ఇల్లు, పొలం, పశువులు, డబ్బు, మంచి ప్రభుత్వం, గౌరవం, నమ్మకమైన ఇరుగుపొరుగు అందులో ఉన్నాయి. చెప్పులు కుట్టే మాదిగ ఆ చెప్పులు తొడుక్కుని పెద్దకులాల వీధిలో నడవలేని రోజులవి. అరక దున్నే మాలకు సెంటు భూమి లేదు. ఆ పిల్లలు చెప్పులూ పొలమూ గౌరవమూ దేవుడు ఇవ్వాల్సిన రోజువారీ ఆహారమేనని కంఠతా పట్టారు.

అలాగని మిషన్ మన కళ్ళు తెరిపించిందని మురిసిపోతే పొరపాటే. ఆ జాబితాలోనే మంచి యజమానులూ ఉన్నారు, మంచి పనివాళ్ళూ ఉన్నారు. అంటే యజమాని యజమానిగానే ఉంటాడు, పాలేరు పాలేరుగానే ఉంటాడు, ఇద్దరూ మంచిగా ఉంటే చాలు. తల్లిదండ్రుల్ని గౌరవించమన్న నాలుగో ఆజ్ఞకు అర్థం చెబుతూ లూథరు పెద్దల్నీ ప్రభువుల్నీ కూడా కలిపాడు. దొంగిలించొద్దన్న ఏడో ఆజ్ఞ అర్థంలో మోసపు బేరం కూడా తప్పే అని ఉంది. కల్లంలో దొంగ కొలత దాని కిందికే వస్తుంది. పిల్లలకు ఇన్ని అర్థాలు నేర్పిన పుస్తకంలో ఊరికి పడమట మనమెందుకున్నాం, మంచినీళ్ళ బావి మనకెందుకు కాదు అన్న ప్రశ్నలు లేవు. ప్రశ్న బడిదే, జవాబూ బడిదే. పిల్లవాడి వంతు అప్పజెప్పడం.

ఈ బడి మాలపల్లెనూ మాదిగగూడెన్నీ కలపలేదు కూడా. ఒకే ప్రార్థన చెప్పిన రెండు వాడలు చాలాచోట్ల వేరువేరుగానే కూచున్నాయి. 1994లో దండోరా మోగినప్పుడు ఆశ్చర్యపోయిన క్రైస్తవ పెద్దలు తమ బల్లల వరస ఒకసారి గుర్తు చేసుకుని ఉండాల్సింది.

పుస్తకంలో లేని ప్రశ్నల్ని ఆ బడుల నీడలోనే పెరిగినవాళ్ళు వేశారు. 1895లో వినుకొండలో పుట్టిన గుర్రం జాషువా మిషన్ బడుల్లో పాఠాలు చెప్పాడు. గుంటూరులో లూథరన్ల ఉపాధ్యాయ శిక్షణాలయంలో ఏళ్ళ తరబడి పనిచేశాడు. 1941లో వచ్చిన ఆయన 'గబ్బిలం'లో అంటరానివాడు కాశీలోని శివుడికి కబురు పంపుతాడు. అది అప్పజెప్పడం కాదు, అడగడం. హిందువులతో పాటు చర్చి పెద్దల ఆగ్రహమూ ఆయన చవిచూశాడు.

అడిగే తరం పెరిగాక ఏమైందో గుంటూరు జిల్లాకే బాగా తెలుసు. సినిమా హాల్లో కాలు తగిలిందన్న తగాదాతో మొదలై, 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిదిమంది దళితుల్ని చంపారు. 2007లో ప్రత్యేక కోర్టు వేసిన శిక్షల్ని 2014లో హైకోర్టు కొట్టేసింది. నమ్మకమైన ఇరుగుపొరుగు, మంచి ప్రభుత్వం అని మూడు తరాలు ప్రార్థించిన జిల్లా అది. మాట నేర్చుకోవడం ఒకటి, ఆ మాట చెప్పిన వస్తువు చేతికి రావడం ఇంకొకటి. రెండోదానికి బడి చాలదు. పోరాటం కావాలి.

అయినా మొదటిది లేకుండా రెండోది రాలేదు. మిషన్ కథను దాతల కథగా చెప్పుకున్నంత కాలం, లేదా కుట్ర కథగా కొట్టిపారేసినంత కాలం, అందులో మనవాళ్ళు చేసింది కనపడదు. గొడ్ల దగ్గర్నించి పారిపోయి బడికొచ్చిన పిల్లలు, కూలి పోగొట్టుకుని పంపిన తల్లులు, చాలీచాలని జీతంతో ఒంటిచేత్తో బడి నడిపిన మాల, మాదిగ పంతుళ్ళు ఈ చరిత్రకు కర్తలు. ఉపాధ్యాయులకూ విద్యార్థులకూ మేం చెప్పేది ఒక్కటే. మీ ఊరి పాత బడి రిజిస్టర్లు చెదలు పట్టకముందే చూడండి. మీ ఇంట్లో ముసలివాళ్ళను అడగండి. ఎందాకా చదివావు తాతా? ఎందుకు మానేశావు అవ్వా? ఇంకా ఏం గుర్తుంది? వాళ్ళు చెప్పింది చెప్పినట్టే రాసుకోండి. ఈసారి జవాబు ముందే రాసిపెట్టుకుని మాత్రం వెళ్ళకండి.