ధవళేశ్వరం కర్మశాల నుండి కాకినాడ పాలిటెక్నిక్ వరకు

1847లో ధవళేశ్వరం వద్ద ఆర్థర్ కాటన్ ఆనకట్ట పని ఆరంభించేనాటికి గోదావరి మండలంలో సాంకేతిక పాఠశాల అన్న మాటే లేదు. అయినా పని సాగింది. రాతిపనివారు, కమ్మరులు, వడ్రంగులు, కూలీలు కలిసి 1852 నాటికి ఆనకట్టను నిలబెట్టారు. లాకుల తలుపులు, ఇనుప సామాను బాగుచేయడానికి ధవళేశ్వరంలోనే ప్రభుత్వ కర్మశాల నడిచింది. అటువంటి చోట్ల పట్టా అడిగేవారు కాదు. మేస్త్రీ చేతికింద నిలబడి, చూసి, చేసి నేర్చుకోవడమే చదువు.

చేతిపనికి మన ధర్మంలో ఉన్న గౌరవం తెలిసినదే. దావూద్ ప్రవక్త (అలైహిస్సలాం)కు కవచాల తయారీ నేర్పినది అల్లాహ్‌యే అని ఖుర్‌ఆన్‌లోని అంబియా సూరా తెలుపుతున్నది. డెల్టాలోని దూదేకుల (నూర్‌బాషా) సోదరులకు కూడా పాఠశాల ఇల్లే. వింటినారితో దూది ఏకడం, పరుపులు కుట్టడం తండ్రి నుండి కొడుకు నేర్చాడు. దూది ఏకే యంత్రం వచ్చింది, ఆ పిమ్మట ఫోమ్ పరుపు వచ్చింది, విల్లు మూలపడింది. విల్లు పట్టిన చేయి లేత్ మిషన్‌ను నడపలేదా? తప్పక నడపగలదు. చిక్కు చేతిలో లేదు, ప్రవేశద్వారం వద్ద ఉన్నది.

కాకినాడలో ఆంధ్ర పాలిటెక్నిక్ 1946లో వెలిసింది. అదే ఏడు విశాఖపట్నంలో ఆరంభమైన ఇంజనీరింగు కళాశాల కూడా కాకినాడకు తరలివచ్చింది. 1950లో కేంద్ర ప్రభుత్వం చేపట్టిన పథకంతో ఐ.టి.ఐ.లు, 1961 నాటి చట్టంతో అప్రెంటిస్ శిక్షణ వచ్చాయి. ఫిట్టరు, టర్నరు, ఎలక్ట్రీషియను అన్నవి ఉద్యోగాల పేర్లయ్యాయి. కాని పాలిటెక్నిక్‌కూ, ఐ.టి.ఐ.లో అనేక ట్రేడులకూ పదవ తరగతి ప్యాసు కావాలి. బడి మధ్యలో మాని మెకానిక్ షెడ్డులో చేరిన మన కుర్రవాడు ఇంజను విప్పి బిగించగలడు, దరఖాస్తు మాత్రం పెట్టలేడు.

ఇక రిజర్వేషన్ల మాట. 1970 జాబితాలో దూదేకుల వంటి కొద్ది వర్గాలకే చోటు దక్కింది. వెనుకబడిన ఇతర ముస్లిం వర్గాలకు 'ఇ' గ్రూపు కింద 4 శాతం వచ్చినది 2007 చట్టంతో. ఈ మధ్యలో ఒక తరం గడచిపోయింది. పైగా సీటు బడి దాటినవానికే.

2015లో మొదలైన ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజనలో, ముందే నేర్చిన పనిని పరీక్షించి ధ్రువపత్రం ఇచ్చే ఏర్పాటు చేరింది. ఇది డిప్లొమాకు సాటి రాదు, ఆ భ్రమ వద్దు. అయితే షెడ్డులోని కుర్రవాణ్ణి ఏం చదివావని గాక ఏం చేయగలవని అడిగే పరీక్ష ఇది. ధవళేశ్వరం మేస్త్రీ అడిగినదీ అదే.