కియాటిసుక్ సేనాముయాంగ్: గోల్స్ కొట్టిన ‘జీకో’, కప్పులు తెచ్చిన కోచ్

థాయ్‌లాండ్ జాతీయ జట్టు తరఫున 71 గోల్స్ కొట్టిన స్ట్రైకర్ కియాటిసుక్ సేనాముయాంగ్. ఆ రికార్డు ఇప్పటికీ ఆయన పేరు మీదే ఉంది. 1973 ఆగస్టు 11న ఈశాన్య థాయ్‌లాండ్‌లోని ఉడాన్ థానీలో పుట్టారు. బ్రెజిల్ ఆటగాడు జీకో పేరుతోనే అభిమానులు ఆయన్ని పిలుచుకుంటారు. ఆగ్నేయాసియా కప్పును ఆటగాడిగా గెలిచి, తర్వాత కోచ్‌గా కూడా గెలిచిన మొదటి వ్యక్తి ఆయనే.

ఆ టోర్నీ 1996లో టైగర్ కప్ పేరుతో సింగపూర్‌లో మొదలైంది. ఫైనల్లో థాయ్‌లాండ్ 1-0తో మలేషియాను ఓడించింది. ఆ ఒక్క గోల్ కియాటిసుక్‌దే. 2000లో థాయ్‌లాండ్ మళ్లీ కప్పు గెలిచినప్పుడు టోర్నీ ఉత్తమ ఆటగాడూ ఆయనే. అయితే థాయ్ జనం ఇంకా చెప్పుకునేది 1998 బ్యాంకాక్ ఆసియా క్రీడల క్వార్టర్ ఫైనల్. ఎదురుగా దక్షిణ కొరియా. ముందు కియాటిసుక్ గోల్ కొట్టారు, కొరియా సమం చేసింది. ఇద్దరికి రెడ్ కార్డు పడి తొమ్మిది మందే మిగిలినా, అదనపు సమయంలో ఫ్రీ కిక్ గోల్‌తో థాయ్‌లాండ్ గెలిచింది.

ఇంగ్లండ్‌లో మాత్రం కలిసి రాలేదు. 1999లో హడర్స్‌ఫీల్డ్ టౌన్ తీసుకుంది గానీ మెయిన్ టీమ్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఆడించలేదు. ఆయన్ని నెత్తిన పెట్టుకున్నది వియత్నాం. 2002లో ప్లేకు పట్టణంలోని హోంగ్ ఆన్ యా లాయ్ క్లబ్‌లో చేరారు. పై లీగ్‌కి వచ్చీ రాగానే ఆ క్లబ్ 2003, 2004లో వరసగా టైటిల్ గెలిచింది. కోచ్‌గా ఆయన పని మొదలైందీ అక్కడే.

2013లో థాయ్ కుర్రాళ్ల జట్టు ఆయన చేతిలో ఆగ్నేయాసియా క్రీడల స్వర్ణం గెలిచింది. అదే కుర్రాళ్లను పెద్ద జట్టులోకి తెచ్చారు. వాళ్లలో చనాథిప్ సోంగ్‌క్రాసిన్ ఎత్తు 160 సెంటీమీటర్లు కూడా లేదు. బంతిని గాల్లోకి లేపి కొట్టే ఆట వీళ్లకు పనికిరాదని, నేల మీదే చిన్న చిన్న పాసులతో ఆడించారు. 2014 ఫైనల్ మొదటి మ్యాచ్‌లో మలేషియాపై 2-0తో గెలిచారు. కౌలాలంపూర్‌లో రెండో మ్యాచ్‌కి వచ్చేసరికి కథ తిరగబడింది: మలేషియా మూడు గోల్స్ కొట్టేసింది. కప్పు పోయినట్టే అనుకున్నారు అందరూ. 82వ నిమిషంలో చారిల్ షప్వీ, 87లో చనాథిప్ గోల్స్ చేశారు. ఆ మ్యాచ్ 3-2తో ఓడినా, రెండూ కలిపి 4-3తో కప్పు థాయ్‌లాండ్‌దే. 2002 తర్వాత వాళ్లకు దక్కిన మొదటి కప్పు అది.

2016లో ఇండోనేషియాను ఓడించి మళ్లీ గెలిచారు. ఈ మధ్యలోనే 2018 ప్రపంచకప్ క్వాలిఫయర్లలో ఇరాక్ ఉన్న గ్రూపులో మొదటి స్థానంలో నిలిచి ఆసియా చివరి 12 జట్లలోకి వెళ్లారు. చిక్కంతా అక్కడే వచ్చింది. జపాన్, సౌదీ, ఆస్ట్రేలియా లాంటి జట్ల ముందు ఏడు మ్యాచ్‌ల్లో దక్కింది ఒకే ఒక్క డ్రా, ఆస్ట్రేలియాతో 2-2. 2017 మార్చిలో సౌదీ చేతిలో 0-3, ఐదు రోజులకే జపాన్ చేతిలో 0-4. అదే నెలాఖరున కియాటిసుక్ రాజీనామా చేశారు. జట్టును అంత దూరం తీసుకెళ్లిన మనిషికి ఆ ఓటములే శాపమయ్యాయి.

తర్వాత వచ్చిన సెర్బియా కోచ్ మిలోవాన్ రాయెవాచ్ కూడా నిలవలేదు. 2019 ఆసియా కప్‌లో భారత్ చేతిలో 4-1తో ఓడిన మర్నాడే ఆయన్ని తీసేశారు. హైదరాబాదీ కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం సాబ్ జట్టు 1962 జకార్తా ఆసియా క్రీడల్లో థాయ్‌లాండ్‌ని ఓడించిందీ సరిగ్గా 4-1తోనే. ఆ ఏడాది మన జట్టు స్వర్ణంతో తిరిగొచ్చింది.

కియాటిసుక్ 2021లో మళ్లీ ప్లేకు చేరారు. 12 రౌండ్లు అయ్యేసరికి ఆయన జట్టు పట్టికలో పైనుంది. కరోనా వల్ల ఆ సీజన్నే రద్దు చేశారు, విజేతను ప్రకటించలేదు. 2024లో హనోయి పోలీసు క్లబ్ పగ్గాలు పట్టి, కొన్ని నెలలకే అక్కడినుంచీ బయటికొచ్చారు.